కాక కుడిచెయ్యి

నిన్న ఈడ జర్మనీల, జార్‌బ్రూకెన్ ఫ్లోమార్క్ట్‌ల, అంటే పాత సామాన్ల అంగట్ల, ఒక రీల్ టేప్ మెషిన్ కనపడ్డది. మూత తీస్తే అదే పుల్లటి టేపు వాసన. మా ఈడు వరంగల్ వాళ్ళారా, యాదికొచ్చిందా?

మా నాన్న తమ్ముడు, మా కాక, మా ఊరికి మొదటి డిస్కో డీజే. టేపును బ్లేడుతో కోసి, అతికించి, చిన్న పాటను పొడుగు చేసి, జనం ఎగిరి ఎగిరి అలిసిపోయేదాక ఆడించేటోడు.

ఒక పెళ్ళిల పట్టపగలే పెళ్ళికొడుకు మేనమామ తాగొచ్చిండు. "పాటను ఖరాబు చేస్తున్నవ్ రా, బంద్ చెయ్!" అన్నడు.

"ఒక్క నిమిషం అన్నా, అయిపోతది," అన్నడు కాక.

మేనమామ టేప్ మెషిన్‌ను ఎత్తి నేలకేసి కొట్టిండు. ఆయన ఎంబడి వచ్చిన ఇద్దరు కాకను కిందపడేసి కడుపుల తన్నిన్రు. మేనమామ స్పీకర్ పెట్టె ఎత్తి కాక కుడిచెయ్యి మీద వేసిండు. ఎముకలు విరిగిన చప్పుడు కుర్చీల కింద దాక్కున్న నాకు వినపడ్డది. కాక తెల్లచొక్కా అంతా నెత్తురు.

మూడు వేళ్ళు మళ్ళ వంగలే. కాక ఎడమచేత్తో కోసుడు నేర్చుకున్నడు. ఇయ్యాల మా దిక్కు డీజేలల్ల చానామంది ఆయన శిష్యులే.

కొన్నేండ్లకు అదే మేనమామ మా గుమ్మంల నిలబడ్డడు. "నా బిడ్డ పెండ్లి. నువ్వే రావాల్నని ఏడుస్తాంది."

చిన్నమ్మ చీపురు అందుకున్నది. కాక ఆపిండు. "వస్త. కానీ పాట అయిపోయేదాక నువ్వు నా పక్కనే నిలబడాలె."

నిలబడ్డడు. కాక వేళ్ళ దిక్కు చూడలేక, పాటకు ఎగురుతున్న బిడ్డ దిక్కే చూసుకుంట నిలబడ్డడు.