నాగమణి చేతి ఉప్పు

2022 మే నెల. నూజివీడులో ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మామిడి సీజన్ మంచి ఊపు మీద ఉంది. వీధి నిండా కాయల లారీలు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది తోటల్లో పని మధ్యలో బిడ్డని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళే.

నాగమణి అలాగే వచ్చింది. ముసునూరు వైపు ఒక తోటకి ఆమె భర్త కాపలా. ఆమె పచ్చళ్ళ షెడ్డులో కాయలు కొట్టి, ముక్కలకి ఉప్పు కలిపేది. ఒళ్ళో ఏడాది నిండని ఆడపిల్ల, చిట్టి. పుట్టినప్పటి నుంచీ దగ్గు. ఎంత తాగినా ఒంటికి పట్టడం లేదు. మా డాక్టరు పద్మజ గారికి అనుమానం వచ్చి స్వెట్ టెస్ట్ రాశారు.

చెమటలో ఉప్పు ఎంతుందో చూసే పరీక్ష అది. ముంజేతిని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చెమట పట్టించే మందు పెట్టి, సన్నటి కరెంటు పంపిస్తాం. తర్వాత ఫిల్టర్ పేపర్ ఉంచి, మీద ప్లాస్టిక్ కప్పి, ఆ పేపర్ పీల్చిన చెమటలో క్లోరైడ్ కొలుస్తాం. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బున్న పిల్లల్లో అది బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ జబ్బు తెల్లవాళ్ళకే గానీ మనకి రాదని నేను చదువుకునే రోజుల్లో చెప్పేవారు. ఆ నమ్మకాన్ని నేను వదిలిపెట్టలేదు.

చిట్టి అంకె అంత ఎక్కువ ఉండేసరికి మెషీన్ పాడైందనుకున్నాను. అప్పుడు నాగమణి చేతుల మీద నా చూపు పడింది. ఉప్పుకి పగిలిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ తెల్లటి చారలు. పరీక్ష జరిగినంతసేపూ బిడ్డ చేయి పట్టుకుని కూర్చున్నది ఆమే.

"ఏం పని చేస్తావమ్మా?"

"ఉప్పు పనేనండి. పచ్చళ్ళ షెడ్డులో."

"అదీ సంగతి. నీ చేతి ఉప్పే బిడ్డకి అంటింది. ఇంకేం లేదు."

"షెడ్డుకెళ్ళి వారం పైనే అయిందండి. పిల్లకి బాలేదని మానేశాను."

"వారమా? ఆ చేతుల్ని వచ్చే సీజన్ దాకా ఉప్పు వదలదు."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చేతులు కొంగులో దాచుకుంటూ.

"మా మేకలు పిల్లని నాకేది కూడా అందుకేనాండి?"

"అందుకే."

అనుమానం ఉంటే రెండో చేతికి మళ్ళీ చేయాలి. అది నాకు తెలుసు. బిడ్డ ఏడుస్తోంది, బయట జనం ఉన్నారు, పైగా నాకు కారణం దొరికిపోయింది. శాంపిల్ కలుషితమైందని రాసి, షెడ్డు పని అయిపోయాక పిలుద్దామని పద్మజ గారికి చెప్పాను. ఆవిడ నా మాట నమ్మారు.

జూన్ ఆఖరున చివరి కాయ ఏమైనా దొరుకుతుందేమోనని ఆ తోటకి వెళ్ళాను. నాగమణి కోసం కాదు. మిట్టమధ్యాహ్నం. కోతలు అయిపోయాయి. నెల క్రితం అరుపులతో మోగిన చోట ఆకు చప్పుడు కూడా లేదు. కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకుని కింద నీడ నల్లగా ఉంది. పాక ముందు నులకమంచం, దాని చుట్టూ మేకలు. ఒక్కటీ అరవడం లేదు, మేయడం లేదు. తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి.

మంచం మీద గడ్డి వేశారనుకున్నాను. దగ్గరికి వెళితే చిట్టి. ఒక మేక నుదురు నాకుతోంది, ఇంకొకటి అరికాలు. పిల్ల ఏడవడం లేదు. కళ్ళు తెరుచుకుని పై కొమ్మల్లోకి చూస్తోంది. చెమట ఆరిన కణతల దగ్గర సన్నటి తెల్లటి పొడి.

పాకలోంచి ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. సుబ్బమ్మ. నాగమణి సొంత మేనమామనే చేసుకుంది గనక ఆమెకి అమ్మమ్మా, అత్తగారూ కూడా ఈవిడే.

"ఛీ, పోండే!" అని అదిలించింది. అవి నాలుగడుగులు వెళ్ళి, ఇటే తిరిగి నిలబడ్డాయి. పిల్లకి పరీక్ష చేసిన ఆసుపత్రివాణ్ణని చెప్పాను.

"వీటికి ఈ పిల్లలో ఏం కనబడుతుందో బాబూ. దీని ముందు పుట్టినవాణ్ణీ ఇలాగే నాకేవి. వాడు పోయాక, వాణ్ణి పడుకోబెట్టే చోట మన్ను కూడా నాకాయి. పేడతో అలికినా వదల్లేదు."

"వాడికేమైంది?"

"ఏం చెప్పను? ఇదే దగ్గు. ఎండలు ముదిరేసరికి తోటకూర కాడలా వాడిపోయాడు."

అవతలి చెట్టు కింద నాగమణి నిలబడి ఉంది. నన్ను చూసి కూడా రాలేదు.

"రావే, డాక్టరు గారొచ్చారు!" అని కేకేసి, సుబ్బమ్మ గొంతు తగ్గించింది. "అది రాదు బాబూ. పిల్లని ముట్టుకోదు. పాలు కూడా మాన్పించేసింది. దాని చేతి ఉప్పు బిడ్డకి ఎక్కిందని మీరే చెప్పారంటగా."

షెడ్డు ఎప్పుడో మూసేశారు. తల్లి ముట్టుకోని బిడ్డ. మరి ఈ ఉప్పు ఎక్కడిది? చిట్టి నుదురు వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకున్నాను. సముద్రపు నీళ్ళలా ఉంది. తల తిప్పితే మేకలన్నీ నన్నే చూస్తున్నాయి.

ఆటో పిలిచి అందరినీ ఆసుపత్రికి తీసుకొచ్చాను.

"ఆ రోజు రెండో చేతికి చేయలేదండీ" అన్నాను పద్మజ గారితో.

ఆవిడ నా వైపు చూడలేదు. "ముందు పిల్లకి సెలైన్ పెట్టనివ్వండి శ్రీనివాసు గారూ. మీ సంగతి తర్వాత."

ఈసారి రెండు చేతులకీ చేశాను. రెండింటిలోనూ ఎక్కువే. రక్తం జీన్ పరీక్షకి హైదరాబాద్ పంపాం. కొన్ని వారాలకి జవాబు వచ్చింది.

మన కణాల గోడల్లో ఉప్పు వచ్చిపోవడానికి తూముల్లాంటివి ఉంటాయి. ఆ తూము ఒక ప్రొటీన్, పేరు సీఎఫ్‌టీఆర్. దాన్ని ఎలా తయారుచేయాలో చెప్పేది అదే పేరున్న జీన్. చిట్టికి తల్లి నుంచి వచ్చిన జీన్ కాపీలోనూ, తండ్రి నుంచి వచ్చిన కాపీలోనూ ఒకే తప్పు ఉంది. ప్రొటీన్ తయారవుతుంది, కానీ మడత సరిగా పడదు. కణం దాన్ని చెత్త అనుకుని గోడ దాకా చేరకుండానే ముక్కలు చేసేస్తుంది. తూము లేక చెమటలోని ఉప్పు ఒంట్లోకి తిరిగి రాదు, ఊపిరితిత్తుల్లో కఫం జిగురై గట్టిపడుతుంది. పద్మజ గారు ఇది చెబుతుంటే నేను చిట్టి వైపే చూస్తున్నాను. మా ఎదుట ఆ పిల్ల నిద్రపోతోంది. లోపల ప్రతి క్షణం తూములు తయారవుతూనే ఉన్నాయి, చేరకుండానే విరిగిపోతూ ఉన్నాయి.

ఆ మడత సరిచేసే మందులు పరిశోధనల్లోంచి బయటికొచ్చాయి. ఆ పాకకి మాత్రం ఇంకా చేరలేదు. ప్రస్తుతానికి తిండితో పాటు ఎంజైములు, కఫం కదలడానికి వీపు తట్టడం, ఎండల్లో మనమే ఉప్పు కలిపి తాగించడం. చిట్టికిప్పుడు నాలుగో ఏడు. కుడి ఊపిరితిత్తిలో కొంత భాగం దెబ్బతింది. నా వల్ల పోయిన ఆ వారాల్లోనే దెబ్బతిందా అని పద్మజ గారిని అడిగాను. ఆవిడ చిట్టి ఫైలు తీసి తర్వాతి ఎక్స్‌రే తేదీ రాశారు.

రెండో స్వెట్ టెస్ట్ చేసిన రోజునే నాగమణికి నేనే చెప్పాను. "నీ చేతిలో ఏం లేదమ్మా. ఆ రోజు నేను చెప్పింది తప్పు."

ఆమె తిడుతుందనుకున్నాను. "అయితే ఎత్తుకోవచ్చాండి?" అంది.

"ఎత్తుకో."

ఎత్తుకుని, బిడ్డ మెడలో ముఖం పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత తలెత్తింది.

"మా బాబుకి కూడా ఇదేనాండి?"

జవాబు నా నోటి దాకా వచ్చింది. దగ్గు, ఎండ, మేకలు, అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి. కానీ పరీక్ష చేయడానికి వాడి రక్తం చుక్క కూడా ఎక్కడా లేదు.

"అయ్యుండొచ్చమ్మా. కానీ తెలీదు" అన్నాను.

ఆమె తలూపింది. మే నెలలో తెలియకుండానే తెలిసినట్టు మాట్లాడితే నమ్మింది. తెలీదన్నా నమ్మింది. ల్యాబు బల్లకి ఇవతల కూర్చున్నవాడి మాటకి అంత బరువుంటుందని, ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.