నూనె బుడ్డితో బెజవాడకు

పండూ, నూలు వచ్చిందిరా నాన్నా. ఆ మాట చెప్పి నిన్ను ఇంటికి తెచ్చుకుందామనే నేను బెజవాడ వెళ్లాను. ఒక్కదాన్నే తిరిగొచ్చాను. పని కోసం అక్కడికి పోదామనుకుంటున్న మన పేట పిల్లలకూ, వాళ్ల తల్లులకూ ఆ ప్రయాణం సంగతి తెలియాలని రాస్తున్నాను. చదువు తక్కువదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

మాది చల్లపల్లి పక్క మగ్గాల పేట. యుద్ధం వచ్చి నూలు కంట్రోలై దొరక్కుండా పోయాక మగ్గాలన్నీ ఆగిపోయాయి. పని లేకపోతే ఆకలి ఒక్కటే బాధ అనుకుంటాం. కాదు. మా పండు పొద్దస్తమానం ఖాళీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. రాత్రి నిద్ర ఉండేది కాదు. అన్నం ఉన్న రోజున కూడా సయించేది కాదు. కళ్లు లోపలికి పోయాయి, బిందెడు నీళ్లు మోస్తే ఆయాసం. "ఇలా కూర్చుంటే చచ్చిపోతానే అమ్మా" అని ఒకనాడు బెజవాడ వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. రైలు స్టేషను గూడ్సు షెడ్డులో బస్తాలు మోస్తుంటే చూశానని మా వీధాయన ఒకరు చెప్పారు. నూలు రాగానే బయల్దేరాను. సంచిలో ఇంత పేలపిండి, ఒక నూనె బుడ్డి. నేతవాడి అరచెయ్యి నున్నగా ఉండాలి. గరుకు తగిలితే సన్న నూలు పోగు తెగిపోతుంది. చిన్నప్పటి నుంచీ వాడి చేతులకు నూనె రాసింది నేనే.

వెళ్లేవాళ్లు చల్లపల్లిలో తెల్లవారి బయల్దేరే మొదటి బస్సే ఎక్కండి. పెట్రోలు దొరక్క ఇప్పుడన్నీ బొగ్గు బస్సులు. వెనకాల పొయ్యి రాజుకున్నాకగాని కదలదు. నాకు ఆ పొయ్యి పక్కనే చోటు దొరికింది. "పిన్నిగారూ, మంచి సీటే పట్టారు, వంట కానిచ్చెయ్యండి" అన్నాడు డ్రైవరు. "బియ్యం నువ్వు తెచ్చావా నాయనా?" అన్నాను. బస్సంతా నవ్వింది. పామర్రు దాటి, ఉయ్యూరు దగ్గర కాలువ వంతెన ఎక్కలేక ఆగిపోతే మగవాళ్లంతా దిగి తోశారు. బెజవాడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

గూడ్సు షెడ్డు ముందు మగవాళ్లు వరసగా చేతులు చాపి నిలబడ్డారు. మేస్త్రీ ఒక్కొక్కరి అరచెయ్యి బొటనవేలితో నొక్కి చూసి, కొందర్ని లోపలికి పంపుతున్నాడు, కొందర్ని తోసేస్తున్నాడు. సంతలో ఎద్దుల పళ్లు చూసినట్టు మనిషి చెయ్యి చూడటం నేనెక్కడా ఎరగను. నా కొడుకు గురించి అడిగాను.

"చేనేతోళ్లు నా దగ్గర లేరమ్మా" అన్నాడు. "చెయ్యి పట్టుకుంటే తెలిసిపోద్ది. పెళ్లికూతురి చేతులు. బస్తా ఎత్తితే బస్తా మీదా, ఆడు కిందా."

పొడుగ్గా ఉంటాడు, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుందని చెప్పాను. అతను తల దించుకున్నాడు. "ఆ కుర్రోడు చేనేతోడా?" అని, రైలుకట్ట పక్కన అన్నం అమ్మే రత్తమ్మను అడగమన్నాడు.

రత్తమ్మ నన్ను చూడగానే గరిటె కింద పెట్టింది. "ఆ మొహమే. వాళ్లమ్మవా అక్కా?"

"వాడేడీ?"

నా రెండు చేతులూ పట్టుకుంది. "పోయాడక్కా."

తర్వాత ఆవిడ చెప్పింది నాకిప్పటికీ మింగుడుపడటం లేదు. మేస్త్రీ రెండుసార్లు తోసేశాడట. అప్పుడు వాడు కట్ట కింద కూర్చుని ఇటుక ముక్కతో అరచేతులు రుద్దుకునేవాడట, కాయలు కాయాలని. "మట్టి వదలగొట్టుకుంటున్నాడనుకున్నాను" అంది రత్తమ్మ. గరుకు తేలాక పని దొరికింది. ఆ పుండ్ల మీదే సున్నం బస్తాలు మోశాడు. చేతులు వాచాయి, జ్వరం వచ్చింది, దవడలు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో దక్కలేదు. తిండి లేని ఒంట్లో తట్టుకునే సత్తువ లేదన్నారట. నేతవాడని తెలిస్తే తీసేస్తారని ఊరి పేరు కూడా ఎవరికీ చెప్పలేదు. కూలీలే భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున దహనం చేశారు.

నేను నూనె రాసి పెంచిన చేతులురా అవి!

రత్తమ్మ నా ముందు అన్నం, పులుసు పెట్టింది. వద్దన్నాను. "వాడూ ఇంతే. 'రేపు తింటాలే అత్తా' అనేవాడు. నువ్వన్నా తిను" అంది. తిన్నాను. నూనె బుడ్డి ఆవిడకే ఇచ్చాను, చేతులు చిట్లినవాళ్లు ఎవరొచ్చినా రాయమని. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

ఇంట్లో నూలు చిలపలు కట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి. ముట్టుకోబోతే చెయ్యి ఆగిపోతోంది. నా బిడ్డ పని చేతకాక పోలేదు. తనకొచ్చిన నేతపని ఆగిపోయి, తనది కాని పనికి తగిన చెయ్యి తయారు చేసుకోబోయి పోయాడు. వెళ్లక తప్పనివాళ్లు వెళ్లండి, ఆపను. అరచేతులకు గుడ్డ చుట్టుకోండి. అన్నం పెట్టే మనిషికైనా మీ ఊరి పేరు, అమ్మ పేరు చెప్పి ఉంచండి. షెడ్డు దగ్గరికి పరగడుపున పోకండి, రేపు తింటాననకండి. కడుపు నిండా అన్నం తినండి నాయనా.