కాలువ వదిలేలోపు

మా అత్తయ్యగారికి ఉబ్బసం. నేను కాపరానికి వచ్చేనాటికే ఆవిడ నడుం వాల్చి నిద్రపోవడం మానేశారు. గోడకు దిండు ఆనించుకుని, కూర్చునే కునుకు తీసేవారు. మా వంటిల్లు పెరట్లో, గేదెల పాకను ఆనుకుని, ఒకే ఒక్క చిన్న కిటికీతో ఉండేది. కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు, ఇవే మా వంటచెరకు. వానాకాలంలో అవి చెమ్మగిల్లితే మంట తక్కువ, పొగ ఎక్కువ. అత్తయ్యగారు వీధరుగు మీద కూర్చున్నా ఆ పొగ ఇల్లంతా దాటుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళేది.

"మందులు రాస్తాను గానండి, పొగలో ఉన్నంతకాలం అవి గోదాట్లో పోసినట్టే," అన్నారు భీమవరంలో డాక్టరు గారు. సిలిండరు గ్యాసుకి పేరు రాయించి ఏళ్ళు గడిచాయి. పిలుపు రాలేదు. అది తొంభైల మొదటి సంగతి, చాలా ఊళ్ళలో అలాగే ఉండేది.

నేను బళ్ళో చదివింది పదో తరగతి వరకే. మిగిలిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, అంటే పంచాయతీ ఆఫీసు పక్క గదిలో, దొరికింది. ఆడవాళ్ళు అక్కడి బల్ల దగ్గర కూర్చుని చదివే అలవాటు లేదు కాబట్టి పుస్తకం తెచ్చుకుని పొయ్యి ముందు చదివేదాన్ని. "మీరు తిరిగిచ్చిన పుస్తకం బీరువాలో పెడితే పక్క పుస్తకాలకి కూడా పొగ వాసన అంటుకుంటోందమ్మా," అనేవారు గ్రంథపాలకులు. తేనెటీగలు, మధుమేహం, ఓడలు, ఏది చేతికందితే అది చదివాను. ఏ కాలేజీ మెట్లూ ఎక్కకుండానే ఇంత తెలుసుకున్నానన్న గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

గోబర్ గ్యాసు గురించి కూడా అక్కడే చదివాను. నేలలో ఇటుకలతో, సిమెంటుతో పెద్ద కుండలాంటి తొట్టి కట్టాలి. ఒక వైపు నుంచి పేడ, నీళ్ళు కలిపి పోస్తే లోపల గ్యాసు తయారై గొట్టంలోంచి పొయ్యికి వస్తుంది. కట్టుకున్నవాళ్ళకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. ఆ పేజీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ మావయ్యగారి కేసి చూశారు.

"సబ్సిడీ వస్తుందంటే కడదాం. లేకపోతే లేదు," అన్నారు మావయ్యగారు. "పుస్తకంలో ఉన్నవన్నీ కడితే మన దొడ్లో ఓడ కూడా ఉండాలి."

మా వైపు నేల తవ్వే పని ఏదైనా వేసవిలోనే చేస్తారు. పంట కాలువలు కట్టేసి, బావుల్లో నీళ్ళు అడుగంటి ఉండే రోజులవి. పునాదులు, దొడ్లో గోతులు, బావి పూడికలు, అన్నీ అప్పుడే. మేమూ అలాగే తవ్వించాం. గొయ్యి పొడిగా, చక్కగా వచ్చింది. మేస్త్రీ తొట్టి కట్టి, పైన గుండ్రంగా మూత పోసి, రోజూ తడపమని చెప్పి వెళ్ళాడు. ఇంకొక్కటే మిగిలింది. ఆఫీసరు గారు వచ్చి, మూత పక్కన మనిషి పట్టేంత రంధ్రం ఉంటే అందులోంచి లోపలికి దిగి, ప్లాస్టరింగు చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే పేడ పోయాలి. ముందే పోస్తే సబ్సిడీ లేదు.

ఆయన రాలేదు. మావయ్యగారు భీమవరం వెళ్ళి వచ్చేవారు. అక్కడి ఆఫీసులో ఈ వారం అనేవారు, వచ్చే వారం అనేవారు. తొట్టి సిద్ధంగా ఉంది, పొయ్యికి గొట్టం కూడా బిగించాం, ఆ గొట్టం పక్కనే నేను మట్టలు విరిచి పొయ్యిలో పెడుతున్నాను. అత్తయ్యగారు రోజూ దొడ్లోకి వచ్చి ఆ గుండ్రటి మూత మీద చెయ్యి వేసి చూసేవారు, గర్భిణి పొట్ట మీద వేసినట్టు.

ఈలోగా కాలువ వదిలారు.

కాలువ వదిలితే మా ఊళ్ళో పండగే. నారుమళ్ళు దున్నుతారు, పిల్లలు గట్లు పట్టి నీళ్ళతో పాటు పరిగెడతారు. బావిలో నీళ్ళు పైకొచ్చి చేంతాడు పొట్టిదవుతుంది. ఆ ఉదయం నేను చేద వేస్తుంటే తాడు సగం నా చేతిలోనే మిగిలిపోయింది. ఎప్పటిలా సంతోషించబోయి తొట్టి కేసి చూశాను. మూత చుట్టూ ఉన్న మట్టిలో సన్నగా బీట కనిపించింది. వంగి చూస్తే లోపల చెమ్మ.

నేను చదివిన ఓడల పుస్తకం అప్పుడు గుర్తొచ్చింది. ఇనుప ఓడ నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో అందులో బొమ్మ గీసి చెప్పారు. లోపల ఖాళీ ఉంటే నీరు కింది నుంచి పైకి తోస్తుంది. మా తొట్టి కూడా ఖాళీదే. దాని చుట్టూ ఊట లేస్తోంది. మేస్త్రీకి గానీ, మావయ్యగారికి గానీ, నాకు గానీ ఆ ఊహే రాలేదు. ఎండిన నేలను చూసి కట్టాం. ఆ నేల అలా ఉండేది కాలువ కట్టేసిన రోజుల్లోనే.

"ఇది పైకి తేలుతుందండి," అన్నాను మావయ్యగారితో. "తేలితే పగిలిపోతుంది. ఇవాళే నింపాలి."

"నింపితే ఆఫీసరు లోపలేం చూస్తాడు? చేపల్నా?"

"నింపకపోతే చూడటానికి తొట్టే ఉండదండి."

"అంటే నింపినా పోయింది, నింపకపోయినా పోయింది. బాగా చదివావమ్మా!" ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "వెళ్ళి ఆ మహానుభావుణ్ణి ఈ పూటే పట్టుకొస్తాను. నేనొచ్చేదాకా చుక్క నీళ్ళు పొయ్యొద్దు."

ఆయన వెళ్ళాక నేను దొడ్లోంచి కదల్లేదు. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనికి పోయారు. అడగడానికి మనిషి లేడు, చేయడానికి పని లేదు. బీట కేసి చూస్తూ కూర్చోవడమే. గట్టిగా చూస్తే పెరుగుతున్నట్టే ఉండేది, రెప్పవేసి చూస్తే లేనట్టు ఉండేది. మధ్యాహ్నానికి అందులో నా వేలు పట్టింది. మూతకు ఓ పక్క మట్టి పెచ్చులుగా లేచింది.

అత్తయ్యగారు గోడ పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగారు.

"నువ్వు చదివింది నిజమేనా?"

"నిజమేనండి."

"మరి కూర్చున్నావేం?"

"మావయ్యగారు వద్దన్నారు కదండీ."

"దగ్గుతున్నది ఆయనా? నేనా?"

పక్క చేలో నారుమడికి నీళ్ళు తోడుతున్న ఇంజను ఉంది. ఆ చేనువాళ్ళని బతిమాలి దాని గొట్టం మా దొడ్లోకి తిప్పించుకున్నాను. కాలువ నీరు ఎర్రగా తొట్టిలోకి దూకుతుంటే అత్తయ్యగారు అక్కడే పీట వేసుకుని కూర్చున్నారు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. బీట ఆగింది.

అప్పుడు వచ్చారు, మావయ్యగారూ ఆఫీసరు గారూ, ఒకే మోటారు సైకిలు మీద.

ఆఫీసరు గారు చెడ్డమనిషి కాదు. రంధ్రంలోకి తొంగి చూసి తల గోక్కున్నారు. "నీళ్ళు నిలిచాయంటే కట్టుబడి బాగుందనే అర్థం అమ్మా. కానీ లోపల చూడకుండా నేనేమని సంతకం పెట్టను? తోడించండి, ఓ గంటలో చూసేస్తాను."

మావయ్యగారు నా కేసి చూశారు. నేను బావి కేసి చూశాను. నీళ్ళు ఒర దాకా వచ్చి ఉన్నాయి.

"తోడితే తేలుతుందండి," అన్నారు మావయ్యగారు, అది తన సొంత చదువే అన్నట్టు.

"అయితే పేడ పోసుకోండి. వచ్చే వేసవిలో కాలువలు కట్టేశాక ఖాళీ చేసి చూపించండి. అప్పుడు రాస్తాను," అని ఆఫీసరు గారు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

ఇరుగుపొరుగు పాకల్లోంచి కూడా పేడ మోసుకొచ్చి కలిపి పోశాం. ఇటు పోస్తుంటే అటు ఎర్రనీళ్ళు పొర్లిపోయేవి. కొన్ని వారాలకి నీలంగా మంట వెలిగింది. ఎన్నో ఏళ్ళుగా వంటింటి గడప తొక్కని అత్తయ్యగారు లోపలికి వచ్చి టీ పెట్టారు. మావయ్యగారు గ్లాసు అందుకుని, "ఈ టీ ఖరీదు జిల్లా కలెక్టరు కూడా ఇవ్వలేడు," అన్నారు.

మరుసటి వేసవి కాలువలు కట్టేశారు. ఆఫీసరు గారు అన్న మాట ప్రకారం తానే వచ్చారు. "ఖాళీ చేయించండి."

ఖాళీ చేసి, చూపించి, మళ్ళీ నింపి, మళ్ళీ గ్యాసు పుట్టేసరికి ఎన్ని వారాలు పడుతుందో మాకందరికీ తెలుసు. అన్ని వారాలూ మట్టలే, పిడకలే. మావయ్యగారు కండువా అంచు నలుపుతున్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"ఏవండోయ్, అన్నాళ్ళూ నేను ఎక్కడికెళ్ళి ఊపిరి పీల్చుకోవాలో కూడా ఆ బాబునే రాసిచ్చి వెళ్ళమనండి!"

"వచ్చే ఏడు చూద్దామండి," అన్నారు మావయ్యగారు ఆఫీసరుతో. ఆ మాట ప్రతి వేసవిలోనూ అన్నారు. ఆ సబ్సిడీ మాకు రాలేదు.

తొట్టికి రోజూ మేత పెట్టాలి. పెట్టకపోతే మంట తగ్గుతుంది, మంట తగ్గితే మట్టలు. చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులై, గడ్డి దొరక్క ఊళ్ళో అందరూ గేదెల్ని అమ్మేసినా మేం అమ్మలేకపోయాం. పిఠాపురంలో మా అన్నయ్య కొడుకు అన్నప్రాసనకి రెండు రాత్రులు ఉండి రమ్మని కబురొచ్చింది. పేడ కలపడానికి అత్తయ్యగారు వంగితే ఆయాసం. మావయ్యగారికి నడుం నొప్పి. మా ఆయనకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. నేను వెళ్ళలేదు. అన్నయ్య ఫోటో పంపాడు, అందులో పిల్లాడి నోట్లో పరమాన్నం.

ఆ అన్నప్రాసన రోజున కూడా నేను మోచేతుల దాకా పేడలో ఉన్నాను. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం కిటికీలో తెరిచి ఉంది. చేతులు అలా ఉంటే పేజీ తిప్పడం కుదరదు కాబట్టి కనిపిస్తున్న రెండు పేజీలనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. లోపల అత్తయ్యగారు దిండు తల కింద పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. పిల్లికూతలు లేని ఆ ఊపిరి దొడ్లోకి వినిపిస్తోంది. నేను ఇంకో తట్ట పేడ తొట్టిలోకి వంపాను.