వణికిన గీత

వారపత్రికలో ఆయన కార్టూన్ మూడో పేజీలో, కుడివైపు మూలన ఉండేది. ఇరవై ఆరేళ్ళుగా పాఠకులు ముందు ఆ మూల చూశాకే మిగతా పేజీలు తిప్పేవారు. ఆఫీసులో అందరికీ ఆయన 'గీతల మాస్టారు'.

రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోందని భార్యకు తప్ప ఎవరికీ తెలీదు. ఆలోచన ఆయనది, పెన్సిల్‌తో వేసుకునే చిత్తు ఆయనది. దానిమీద ఇంకు పెట్టేది ఆవిడ. పెళ్ళయిన కొత్తలో సరదాకి నల్లరంగు నింపిన మనిషి, ఇప్పుడు ఆయన సంతకం కూడా అచ్చు దించేసేది.

ఆ వారం బొమ్మలో ఓ నాయకుడు కొత్త నీళ్ళట్యాంకు ముందు రిబ్బన్ కత్తిరిస్తుంటాడు. ఖాళీ బిందెతో ఓ ముసలమ్మ అడుగుతుంది: "రిబ్బన్ సరే నాయనా, పైపులెప్పుడు వేస్తారు?" ఊరంతా పడీపడీ నవ్వింది. మునిసిపల్ ఛైర్మన్ నవ్వలేదు.

మూడోరోజు పొద్దున్నే పోలీస్‌స్టేషన్ నుంచి కబురొచ్చింది. వద్దన్నా వినకుండా భార్య వెంట వచ్చి, బయట బెంచీమీద కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ పత్రిక బల్లమీద పరిచాడు. "ఇది గీసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఈమధ్య నీ గీత మారిందట. వెనకాల ఎవరో ఉన్నారట. పేరు చెప్పి ఇంటికెళ్ళు."

"ఎవరూ లేరండి."

"అయితే ఇదే బొమ్మ ఇక్కడ గియ్యి." కాగితం ముందుకు తోశాడు.

బయటినుంచి భార్య దగ్గు వినబడింది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని మొదలుపెట్టాడు. నాయకుడి ముక్కు వంకర్లు పోయింది. బిందె సొట్టపడింది.

తొంగిచూసిన కానిస్టేబుల్ ఫక్కున నవ్వాడు. "భయంతో చెయ్యెలా వణికిపోతోందో చూడండి సార్!"

ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడు. "ఈ గుండెతోనా పెద్దవాళ్ళతో పెట్టుకున్నావ్?"

'భయం కాదు' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అన్నాడంటే, తర్వాతి ప్రశ్న తిన్నగా బెంచీ దగ్గరికే వెళుతుంది. మింగేశాడు. ఇంకోసారి ఇలాంటివి వేస్తే ఊరుకోమని బెదిరించి పంపేశారు.

"ఏమన్నారండీ?" రోడ్డెక్కాక అడిగిందావిడ.

"పిరికివాణ్ణని వదిలేశారు." కొంతదూరం నడిచి ఆగాడు. "ఈసారి నీ పేరు కూడా వేద్దాం. నా పేరు చాటున నువ్వు దాక్కోవడం, నిన్ను దాచడానికి నేను నోరు మూసుకోవడం, ఇక నావల్ల కాదు."

"నన్నూ పిలుస్తారేమో."

"పిలవొచ్చు."

ఆవిడ కొంగు సర్దుకుని మళ్ళీ నడక సాగించింది. "సరే. కానీ నా పేరు చీమతలకాయంత వేస్తే మాత్రం ఒప్పుకోను," అంది.

ఎడిటర్ రెండు పేర్లూ చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు, బొమ్మ ప్రెస్సుకి పంపేశాడు. ఆ నెలంతా వీధిలో జీపు చప్పుడైతే చాలు, ఇద్దరి చేతులూ కాగితంమీద ఆగిపోయేవి. పిలుపు మాత్రం రాలేదు. తర్వాత తొమ్మిదేళ్ళపాటు ఆ మూలన రెండు పేర్లూ పక్కపక్కనే వచ్చాయి.