మొదటి పేజీలో కోడి

ఇలోయిలో పట్నంలో రేవు దగ్గరి హోటల్లో ఫెలీసా ముప్పై ఏళ్లుగా మోలో సూప్ వండుతోంది. ఈమధ్య అక్కడ, వచ్చినవాళ్లే తెర మీద బొమ్మ నొక్కి ఆర్డరిచ్చే కొత్త బిల్లింగ్ మెషీన్ పెట్టారు. నిరుడు చేరిన మారివిక్ కాల్చే కోడి మొదటి పేజీలో వచ్చింది. మోలో మూడో పేజీలో పడింది. ఫెలీసాకు కడుపు రగిలిపోయింది. కౌంటర్ పిల్లను బతిమాలి రెండింటినీ తారుమారు చేయించింది.

మర్నాడు మోలో ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఆ సూప్‌లో వేసే, మాంసం కూరిన పిండి చుట్టలు చుట్టలేక ఆమె చేతులు పడిపోయాయి. పని లేని మారివిక్ వచ్చి పక్కన కూర్చుంది.

"కాస్త పిండి ఇటివ్వక్కా."

"నీ కోడిని వెనక్కి నెట్టించింది నేనేనే," అంది ఫెలీసా ఉండబట్టలేక.

"తెలుసులే. ముందు చుట్టు, జనం అరుస్తున్నారు."

మారివిక్ చుట్టినవి తనవాటికంటే ముచ్చటగా ఉన్నాయి. ఫెలీసాకు మళ్లీ మండింది. ఎవరి కంటా పడకముందే వాటిని కుండలో వేసేసింది.