మఠంలో నేను చెప్పిన తెలుగు

ఊరి చివర కాలవ గట్టు పక్కన ఇసక మేట వేసిన నేలలో, ఎవరికీ పనికిరాదని వదిలేసిన చోట, బెనెడిక్టైన్ సభకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసులు రెండు తాటాకు పాకలు వేసుకుని ఆ మఠం మొదలుపెట్టారట. డెబ్బైల చివర్లో నేను ఆ ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేరేనాటికి పెంకుల కప్పుతో గదుల వరస, చిన్న ప్రార్థన మందిరం, కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి పెంచిన సపోటా తోట ఉండేవి. రోజుకు ఏడుసార్లు ప్రార్థన, మిగతా వేళల్లో అందరికీ మట్టిపని. మధ్యాహ్నం ప్రార్థన గంట విన్నాకే చుట్టుపక్కల కూలీలు అన్నాలకు లేచేవారు.

కేరళ నుంచి కొత్తగా వచ్చిన ఒక ఫాదర్ గారికి తెలుగు చెప్పమని మఠం పెద్ద నన్ను అడిగారు. మలయాళంలో సంస్కృత పదాలు మెండు కాబట్టి ఆయనకు గ్రాంథికం ఇట్టే పట్టుబడింది. నాకు ఒకటే సంబరం.

"మామూలు మాటలు కూడా చెప్పండి, మాస్టారూ" అని రెండు మూడుసార్లు అడిగారాయన.

"అవి వాటంతటవే వస్తాయండి" అన్నాను. నిజానికి కూలీలు మాట్లాడే మాట నేర్పడం నాకు చిన్నతనంగా ఉండేది.

ఒక వర్షాకాలం, తోటపనికి వచ్చే ఆవిడ భర్త పాము కరిచి పోయాడు. ఫాదర్ గారి వెంట నేనూ వెళ్ళాను. ఆయన ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అమ్మా, నీ భర్తృవియోగమునకు మిక్కిలి చింతిల్లుచున్నాను" అన్నారు.

ఆమె ఏడుపు ఆపి నావైపు తిరిగింది. "అయ్యగారేవంటన్నారండి? నాకు తెలవట్లేదండి."

ఆయన కూడా నన్నే చూశారు.

"నీ కష్టం చూసి ఆయనకి చాలా బాధగా ఉందంటమ్మా" అన్నాను. అంత చిన్న మాట ఆయనకు నేర్పనేలేదు.

ఆ తర్వాత ఆయన నన్ను పాఠాలకు పిలవడం తగ్గించి, మెల్లగా మానేశారు. నాకు కోపం వచ్చి అటు వెళ్ళడం మానేశాను. ఏడాది తర్వాత ఓ రోజు సైకిల్ తొక్కుకుంటూ తోట పక్కగా వెళ్తుంటే ఆయన గొంతు వినబడింది. మొక్కలకు పాదులు తవ్వుతూ, భర్త పోయిన ఆ తోటపని ఆవిడను అడుగుతున్నారు: "ఏంటమ్మా, పిల్లలు అన్నం తిన్నారా?"

ఆ తెలుగు ఆయన ఆమె దగ్గరే నేర్చుకున్నారు. సైకిల్ దిగి, "తప్పు నాదేనండి" అంటే సరిపోయేది. దిగలేదు.

కొన్నేళ్ళకు ఆయన్ని వేరే మఠానికి పంపేశారు. వెళ్ళేముందు స్కూలుకి వచ్చి నాకోసం అడిగారట. ఆ రోజు నేను నరసాపురంలో బంధువుల పెళ్ళిలో ఉన్నాను. మఠానికి వెళ్ళి ఆయన అడ్రసైతే రాయించుకున్నాను గానీ, ఉత్తరం రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పటికీ చెప్పలేను.