కాల్షియం సారు

ఓబుళప్ప సారుకు ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, తెల్లరక్తకణంలో కాల్షియం ఎట్లా కదులుతుందో చెప్పకుండా వదలడు. ధర్మవరం కాలేజీలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరై, హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం అయిపోయింది గాని పాఠం అయిపోలేదు.

ఒకసారి పెనుకొండలో బస్సెక్కి మొదలుపెట్టాడు. హిందూపురం టికెట్ తీసుకున్న ఇద్దరు సోమందేపల్లిలోనే దిగి, వెనక బస్సులో వచ్చారు. ఒక పెళ్లిలో ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి పాయసం రాకముందే చెయ్యి కడుక్కున్నాడు. క్షౌరం చేసే నల్లప్ప మాత్రం తెలివైనవాడు. సారు కుర్చీలో కూర్చోగానే ముందు పెదాల మీద సబ్బు నురుగు పూసేవాడు.

పక్కింట్లో బట్టలు కుట్టే యశోద, ఆయన గొంతు వినబడితే మిషను వేగం పెంచేది. ఆయన గొంతు పెంచేవాడు.

అట్లాంటి యశోద ఒక రోజు తనంతట తానే ఆయన గడప ఎక్కింది. నాలుగేళ్ల కూతురు దీపికకు ఏడాదిలో మూడుసార్లు న్యుమోనియా వచ్చింది. బెంగళూరు డాక్టరు ఏవో పరీక్షలకు రక్తం తీసుకున్నాడు.

"పాప కణాల్లో కాల్షియం సిగ్నలు పని చేస్తాందో లేదో చూడల్లంట సార్. చెయ్యకపోతే ఎముక మజ్జ మార్చల్లంట. రిపోర్టుకు మూడు వారాలు పడ్తాదంట," అంది.

సారు పాఠం ఎత్తుకోకుండా ముందు ఆమెకు కుర్చీ వేశాడు. ఆ వీధిలో అదొక వింత. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"క్రిమి వచ్చిందని కణం తలుపు ఎవరో తట్టినారనుకోమ్మా. ఆ కబురు లోపలికి మోసేది ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేట్ అని ఒక చిన్న పదార్థం. అది పోయి, కాల్షియం దాచిన గోదాము తెరుస్తాది."

"తెరిస్తే?"

"రేపు చెప్తా. పోయి పాపకు అన్నం పెట్టు, నువ్వూ తిను."

మరునాడు గంటసేపు గోదాము తలుపు దగ్గరే నిలబెట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజులకు గోదాము ఖాళీ అయింది. అది ఖాళీ అయితే కణం బయటి గేటు తెరుచుకోవాలట.

"తెరుచుకునిందా సార్?"

"తొందరెందుకమ్మా. ఆదివారం చూద్దాం."

యశోదకు ఒళ్లు మండేది. పప్పు తాలింపు వేస్తున్నా, జాకెట్టుకు హుక్కులు కుడుతున్నా ఆ గేటే కళ్ల ముందు. లేపాక్షికి ఆటో తోలే మొగుడు గిరి కూడా ఇంటికి రాగానే, "ఈపొద్దన్నా గేటు తీసినాడా?" అని అడిగేవాడు.

ఇరవై రెండో రోజు డాక్టరు ఫోను చేశాడు. పాప కణాల్లో కాల్షియం సరిగానే పెరుగుతోంది. మజ్జ మార్చే పని లేదు. రోగాల్ని ఎదిరించే యాంటీబాడీలు కాస్త తక్కువగా ఉన్నాయి. మందులతో జాగ్రత్తగా చూసుకుంటే వయసుతో పాటు సర్దుకునే అవకాశమే ఎక్కువ. యశోద మిషను మీద తల వాల్చి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, సారు ఇంటికి పరుగెత్తింది.

సంగతి విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఇంగ మిగిలింది చెప్పండి సార్. గేటు తీసినాక ఏమైతాది?"

"బయటి కాల్షియం లోపలికి వస్తాది. కణం నిద్ర లేచి పనిలోకి దిగుతాది. అంతే."

"అంతేనా? ఇన్ని దినాలు చెప్తిరే."

"అది అరగంట పాఠమమ్మా. నీకు మూడు వారాలు గడవల్ల కదా, సాగదీసినా. నన్ను తిట్టుకున్నంతసేపన్నా ఆ రిపోర్టు గుర్తుకు రాలేదు కదా."

యశోదకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది.

"రేపు ఏం పాఠం సార్?"

"రేపు నాకు తీరదు. వెనక వీధి చిన్నమ్మ మొగునికి వచ్చే వారం గుండె ఆపరేషను. ఆయమ్మకు మొదలుపెట్టల్ల."

"గుండెకు ఏం చెప్తారు?"

"గుండెలో గూడా కాల్షియమే కదమ్మా," అన్నాడు సారు.